తలుపు తట్టిన మారుమనస్సు
(రేడియో ప్రసంగ పాఠము)



నేటి ధ్యానమునకు లూకా సువార్త 19వ అధ్యాయములోని జక్కయ్యను జ్ఞాపకము చేసికొందాము. ప్రభువు తన ఇంటికి వచ్చినప్పుడు జక్కయ్య మంచి మాటలతో సరిపెట్టలేదు. అన్యాయముగా తీసికొన్నది నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. నిజముగా మారుమనస్సు పొందినవాడు తాను నష్టపరచినవారి వాకిటికి వెళ్తాడు.

1974లో కెనడాలోని ఎల్మిరా అనే చిన్న పట్టణములో ఇద్దరు యువకులు త్రాగిన మైకములో ఒక్క రాత్రిలోనే 22 చోట్ల ఆస్తులు పాడుచేశారు. కిటికీ అద్దాలు పగలగొట్టారు, కార్ల టైర్లు కోశారు. కోర్టులో నేరము ఒప్పుకున్నారు. అప్పుడు మెనోనైట్ క్రైస్తవులు ఇద్దరు, వారిలో ఒకరు ప్రొబేషన్ అధికారి, ఈ కుర్రవాళ్లు బాధితులను ముఖాముఖిగా కలిస్తే మేలని సూచించారు. జడ్జిగారు మొదట సందేహించినా చివరికి అంగీకరించారు.

ఆ ఇద్దరూ ఇల్లిల్లూ తిరిగారు. తలుపు తట్టి, ఆ పని చేసినది తామేనని చెప్పి, నష్టమెంతో తెలిసికొన్నారు. కొన్ని నెలలలో డబ్బు చెల్లించారు. తరువాతి కాలములో వారిలో ఒకరు ఇదే మధ్యవర్తిత్వ సేవలో స్వచ్ఛందముగా పనిచేశారు!

ప్రియులారా, ఇది శిక్ష తప్పించుకొనే దారి కాదు. జరిమానా కట్టి ఇంటికి పోవుట సులువు. మనము రాయి విసిరిన ఇంటి తల్లి ముఖము చూచుట కష్టము.

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొన్ని చిన్న నేరములకు సమాజ సేవను శిక్షగా చేర్చింది. సంతోషమే. కాని తెగిన బంధమును కలిపే పని చట్టమొక్కటే చేయలేదు.

అయితే ఒక హెచ్చరిక. ఇది పెద్దమనుషులు చేయించే బలవంతపు రాజీ కాకూడదు. బాధితులు మనసారా ఇష్టపడితేనే జరగాలి. స్త్రీలపై అత్యాచారము, కులము పేరిట దాడి, ఇంటిలో హింస వంటి ఘోరములను "సర్దుకుపోండి" అని కప్పిపెట్టుట క్షమాపణ కాదు, మరొక అన్యాయము. అట్టివారికి తోడుగా పోలీసు స్టేషనుకు, కోర్టుకు వెళ్లుటే మన బాధ్యత.

మీ సంఘములో ఒక కుర్రవాడు పొరుగింటి సెల్‌ఫోను దొంగిలించాడనుకోండి. సిగ్గుతో వాని తల్లి ఆరాధనకు రావడం మానేసింది. మనము ఆ ఇంటివైపు చూడకుండా పోదుమా? లేక పోగొట్టుకున్నవారు సమ్మతిస్తే, వానితో కలిసి నడచి వారి తలుపు తట్టుదుమా?

ప్రార్థన చేసికొందాము. పరలోకపు తండ్రీ, మేము గాయపరచినవారి యొద్దకు వెళ్లే ధైర్యము మాకు దయచేయుము. గాయపడినవారి మాట వినే చెవులిమ్ము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.