బోర్లించబడిన కుండలు

సర్వస్తోత్రాలు సకల లోకాల పోషకుడైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పై, వారి కుటుంబీకులపై, సహచరులందరిపై శాంతి శుభాలు వర్షించుగాక!

ధర్మసోదరులారా! గడచిన చలికాలంలో ఒకనాడు ఇషా నమాజు ముగిసిన పిమ్మట ఒక యువకుడు మస్జిదు గుమ్మం వద్ద మమ్మల్ని ఆపాడు. "హజ్రత్, మా అబ్బా రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చొనే ఉంటున్నారు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. గాడిద మాంసం నాలుగు వారాలు పెడితే ఉబ్బసం పోతుందని అందరూ అంటున్నారు. బాపట్ల వైపు దొరుకుతుందట. మందుగా తినవచ్చునా?" అని అడిగాడు. మేము చెప్పులు తొడుగుకొంటూ "హరామ్ బాబూ" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాము.

జవాబు సరియైనదే. చెప్పిన తీరే సరికాదు. ఆ యువకుడు మరుసటి ఆదివారం సత్తెనపల్లి, గుంటూరుల మీదుగా బాపట్ల వైపు వెళ్ళి కిలోన్నర మాంసం తెచ్చాడు. పొట్టేలు మాంసమని చెప్పి తండ్రికి వడ్డించాడు. సంగతి నెల రోజుల తరువాత బయటపడింది. ఆ పెద్దాయన కర్ర పట్టుకొని ఆయాసపడుతూ మా వద్దకు వచ్చి, "మౌలానా సాబ్, అరవై యేళ్ళు కాపాడుకొన్న నోరు ఇది. నా కొడుకే దీనిని పాడుచేశాడు" అని కన్నీరు పెట్టుకొన్నారు. తెలియక తిన్నవానిపై పాపం లేదని వారికి ధైర్యం చెప్పాము. కాని ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తండ్రి బాధ చూడలేక అడగవచ్చిన కుమారునికి ఆనాడే నిలబడి పది నిముషాలు చెప్పి ఉంటే ఈ పని జరిగేది కాదు. ఆ పది నిముషాల మాటను ఈనాడు మింబరుపై నుండి చెబుతున్నాము.

హిజ్రీ 7వ సంవత్సరం, అనగా క్రీ.శ. 628. మదీనాకు ఉత్తరాన ఉన్న ఖైబరు కోటల ముట్టడి సాగుతున్నది. సహాబాలు ఆకలితో ఉన్నారు. చేతికి చిక్కిన పెంపుడు గాడిదలను కోసి వండటానికి పూనుకొన్నారు. ఒక వ్యక్తి దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి గాడిదలను తినివేస్తున్నారని విన్నవించుకొన్నాడు. మళ్ళీ వచ్చాడు, గాడిదలు అంతరించిపోతున్నాయని మొరపెట్టుకొన్నాడు. అప్పుడు ప్రకటన చేయించబడింది: అల్లాహ్, ఆయన ప్రవక్త పెంపుడు గాడిదల మాంసాన్ని మీకు నిషేధిస్తున్నారని. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. మాంసం ఇంకా కుండలలో కుతకుత ఉడుకుతూనే ఉన్నది. ఆ కుండలను అలాగే బోర్లించారు.

ఈ దృశ్యాన్ని ఒక్క క్షణం తలచుకోండి. యుద్ధభూమి, ఖాళీ కడుపు, ముక్కుకు తగులుతున్న మాంసపు వాసన. "ఈ ఒక్క పూట తిని రేపటి నుండి మానుతాము" అని ఒక్కరూ అనలేదు. మనకో, ఇంట్లో మేకమాంసం ఉన్నది, సంతలో కోడి ఉన్నది, చేప ఉన్నది. ఆకలితో ప్రాణం పోయే స్థితిలో, కోరికతో గాక, అవసరానికి మించక తిన్నవానికి బఖరా సూరా 173వ ఆయతులో సడలింపు ఉన్న మాట నిజమే. మోటారుసైకిలుకు పెట్రోలు పోయించుకొని జిల్లా దాటి వెళ్ళి కొనుక్కొనేవానికి ఆ సడలింపు వర్తించదు.

అల్లాహ్ గాడిదను ఎందుకు నిషేధించాడు? హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) దీనిని గురించి ఆలోచించారు. అవి జనుల బరువులు మోసే జంతువులు గనుక, వాటిని తినివేస్తే ప్రజలకు మోతకు ఏమీ మిగలదని నిషేధించారో, లేక శాశ్వతంగా నిషేధించారో తాము చెప్పలేమన్నారు. ఇమాములలో అత్యధికులు శాశ్వత నిషేధమనే నిర్ణయించారు, మన హనఫీ మార్గమూ అదే. నహ్ల్ సూరా 8వ ఆయతులో గుర్రాలను, కంచర గాడిదలను, గాడిదలను స్వారీ కొరకు, శోభ కొరకు సృష్టించినట్లు అల్లాహ్ తెలియజేశాడు. దైవప్రవక్త (స) స్వయంగా గాడిదనెక్కి ప్రయాణించేవారు. ఆ గాడిదకు ఉఫైర్ అని పేరు కూడా ఉండేది. ఒకసారి వారి వెనుక హజ్రత్ ముఆజ్ (రజి) కూర్చొని ఉన్నారు. మరొకసారి ముఖంపై వాత పెట్టబడిన ఒక గాడిద కనిపించగా, అలా వాత పెట్టినవానిని వారు శపించారు. మనం తిట్టుగా వాడుకొనే జంతువుకు ప్రవక్త (స) ఇచ్చిన స్థానం ఇది.

మన కృష్ణ ఒడ్డు రేవులలో చాకిరేవు మూటలు మోసినది ఈ జీవమే. చెరువు మట్టి, ఇటుకలు, ఇసుక మోసినదీ ఇదే. ఆటోలు, ట్రాక్టర్లు వచ్చిన తరువాత దాని పని తగ్గింది, దానితో పాటు దాని సంఖ్యా తగ్గింది. పశుగణన లెక్కల ప్రకారం దేశం మొత్తం మీద 2012లో సుమారు 3 లక్షల 20 వేల గాడిదలు ఉండగా, 2019 నాటికి అవి 1 లక్షా 20 వేలకు పడిపోయాయి. ఖైబరులో ఆ వ్యక్తి చేసిన మొర ఈ అంకెలను చూసినప్పుడు మాకు మళ్ళీ వినిపించింది.

ఇక ఈ బేరం ఎలా సాగుతున్నదో వినండి. 2021లో పత్రికలన్నీ వ్రాశాయి: ప్రకాశం, గుంటూరు, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాలలో గాడిద మాంసం చాటుమాటుగా అమ్ముడవుతున్నదని, కిలో 600 రూపాయల వరకు పలుకుతున్నదని, ఇక్కడ గాడిదలు చాలక పొరుగు రాష్ట్రాల నుండి తోలుకొని వస్తున్నారని. ఆ సంవత్సరం సంక్రాంతికి విడుదలైన ఒక సినిమాలో గాడిద రక్తం త్రాగి సముద్రపుటొడ్డున పరుగెత్తే దృశ్యం పెట్టారు. కుర్రవాళ్ళకు అది ఇంకొక పిచ్చి. 2022 అక్టోబరులో బాపట్లలో పోలీసులు దాడి చేసి 400 కిలోలకు పైగా మాంసం పట్టుకొన్నారు, మనుషులను అరెస్టు చేశారు. మన దేశపు ఆహార భద్రతా నిబంధనలలో మాంసానికి వధించదగిన జంతువుల జాబితాలో గాడిద లేదు. లైసెన్సు ఉన్న కబేళాలో తప్ప బయట వధించరాదని 2001 నాటి నియమాలు చెబుతున్నాయి. కనుక ఈ మాంసాన్ని ఏ పశువైద్యుడూ పరీక్షించడు, ఏ ముద్రా ఉండదు. గుర్రాలకు, గాడిదలకు వచ్చే గ్లాండర్స్ అనే వ్యాధి మనుషులకూ సోకుతుంది. ఊపిరితిత్తులు మొదలే బలహీనంగా ఉన్న మనిషికి ఇటువంటి మాంసం తినిపించి ఆరోగ్యం వస్తుందనుకోవడం ఎంత అమాయకత్వం!

అంతకన్నా మమ్మల్ని కలవరపెట్టే విషయం ఒకటున్నది. ఆ గాడిద ఎవరిది? రాత్రిపూట కట్టువిప్పి తోలుకొనిపోయిన గాడిద ఒక రజక కుటుంబానికి కాళ్ళూ చేతులూ. పేదవాడు ఠాణాకు వెళ్ళి "నా గాడిద పోయింది" అంటే నవ్వేవారే తప్ప వ్రాసుకొనేవారు అరుదు. దొంగసొమ్మని అనుమానం ఉండీ కొన్నవాడు దొంగతో పాలు పంచుకొన్నట్లే. మాంసం తినే హక్కు సంగతి అటుంచి, రేపు తీర్పు దినాన ఆ యజమాని మన ఎదుట నిలబడితే ఏమి చెబుతాము?

ఈ గొడవ మన తీర జిల్లాలకే పరిమితం కాదు. చైనాలో గాడిద చర్మాన్ని ఉడికించి ఎజియావో అనే బలవర్ధకపు మందు తయారుచేస్తారు. దాని కొరకు ఆఫ్రికా గ్రామాలలో గాడిదలు దొంగిలించబడి, నీళ్ళు మోసే స్త్రీల వీపుపైకే మళ్ళీ బిందెలు ఎక్కాయి. చివరకు 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా దేశాల సమాఖ్య 15 సంవత్సరాల పాటు చర్మం కొరకు గాడిదల వధను నిషేధించింది. అక్కడా ఇక్కడా మొదలు ఒకటే: రోగి ఆశ.

కొందరు మాతో వాదించారు. "సాయిబు చేత బిస్మిల్లాహ్ చెప్పించి కోయిస్తే హలాల్ అవుతుంది గదా?" కాదు. బిస్మిల్లాహ్ అనేది ధర్మసమ్మతమైన జంతువుపై పలికే అల్లాహ్ నామం. నిషిద్ధమైన దానిపై ఆ పవిత్ర నామాన్ని పలకడం మరొక అపరాధం. మన యువకులలో ఒకరికి కోతకు వస్తే మంచి కూలి ఇస్తామని కబురు వచ్చిందని విన్నాము. బాబూ, ఆ కూలి కూడా ఆ మాంసం వంటిదే.

"మందు గదా" అని మరికొందరు. నిషిద్ధమైన వస్తువులలో అల్లాహ్ మన స్వస్థతను ఉంచలేదన్న భావం హజ్రత్ ఇబ్ను మస్ఊద్ (రజి) మాటలలో ఉన్నది. మన ఫఖీహులలో తరువాతి తరాలవారు ఒక మినహాయింపు చెప్పారు. వేరే మందు ఏదీ లేనప్పుడు, దీనితో నయమవుతుందని విశ్వసనీయుడైన, నిపుణుడైన వైద్యుడు ధ్రువపరచినప్పుడు మాత్రమే. ఉబ్బసానికి మందు లేదా? పీల్చే మందులు ప్రభుత్వాసుపత్రిలో అడగవచ్చు. గాడిద మాంసం ఉబ్బసానికి పనిచేస్తుందని ఏ వైద్యుడు వ్రాసి ఇచ్చాడు? మగతనం పెరుగుతుందని, నడుము నొప్పి పోతుందని చెప్పేదీ అమ్మేవాడే. పసిబిడ్డలకు చిన్న గిన్నెడు చొప్పున అమ్మే గాడిద పాల సంగతి కూడా తల్లులు అడుగుతుంటారు. హనఫీ ఫిఖహ్‌లో పాలు మాంసాన్ని అనుసరిస్తాయి. కనుక త్రాగించరాదు.

అయితే సోదరులారా, అరుదైన మాంసమంతా హరామ్ అని మేము చెప్పడం లేదు. అల్లాహ్ విశాలం చేసిన దానిని ఇరుకు చేయడం కూడా తప్పే. సహాబాలు మర్రుజ్జహ్రాన్ వద్ద ఒక కుందేలును తరిమి పట్టుకొన్నారు. హజ్రత్ అబూ తల్హా (రజి) దానిని కోసి, తొడ భాగం పంపగా దైవప్రవక్త (స) స్వీకరించారు. కనుక పెంపుడు కుందేలు తినవచ్చు. ఫారములలో పెంచే కౌజులు, గిన్నెకోళ్ళు, సీమకోళ్ళు, నల్లని కడక్‌నాథ్ కోడి, చివరకు ఈమూ పక్షి కూడా సక్రమంగా జబహ్ చేస్తే ధర్మసమ్మతమే. (ఈమూ మాటకు వస్తే, జతలు కొంటే లక్షలు వస్తాయని నమ్మిన రైతులు 2012 ప్రాంతంలో మేపలేక, అమ్ముకోలేక ఏమయ్యారో మీకు గుర్తుండే ఉంటుంది. వింత వస్తువు దగ్గర తినేవాడే కాదు, పెంచేవాడూ మోసపోతాడు.) గుర్రం విషయంలో ఇమాముల మధ్య భేదం ఉన్నది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) వద్ద అది మక్రూహ్, వారి శిష్యులిద్దరూ అనుమతించారు. మన ఊళ్ళో గుర్రపు మాంసం అమ్మేవారు లేరు గనుక దానిపై పొద్దుపుచ్చనవసరం లేదు.

అడవి మాంసం మాత్రం వేరు. నడుముకు బలమని ఉడుమును తెచ్చి అమ్మేవారు మన పల్నాట తిరుగుతుంటారు. హనఫీల వద్ద ఉడుము తినరాదు. ఇక చట్టం చూస్తే, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి జాబితాలోని జీవి. చంపినవానికి 3 సంవత్సరాలకు తక్కువ కాని జైలు. దుప్పి, జింక ధర్మరీత్యా హలాలే. కాని మాచర్ల వైపు నల్లమల నుండి రాత్రివేళ దిగే ఆ మాంసం ఉచ్చులో ఊపిరాడక చచ్చినదో, ప్రాణం ఉండగా అల్లాహ్ పేరిట కోసినదో చెప్పగలవారెవరు? ఉచ్చులో చచ్చినది ముర్దార్. ప్రాణంతో దొరికి కోసినా, దానిని వేటాడటం నేరమే. దానిని కొని ఇంటిల్లిపాదినీ కేసులో ఇరికించుకోవడం వివేకం కాదు.

ఆ పెద్దాయనను మేమే వెంటబెట్టుకొని డాక్టరు వద్దకు తీసుకొని వెళ్ళాము. కుమారుడు తౌబా చేసుకొన్నాడు, తండ్రి పాదాలు పట్టుకొన్నాడు. వారు ఇంకా పూర్తిగా కోలుకోలేదు. జుమాకు వచ్చి వెనుక వరుసలో కుర్చీపై కూర్చొంటున్నారు. నమాజు తరువాత సలాం చెప్పి పలకరించండి, కాని ఆ సంగతి ఎత్తకండి. ఉబ్బసంతో, నడుము నొప్పితో బాధపడుతూ ఎవరి మాటనో నమ్మి డబ్బు పోగొట్టుకోబోతున్న వారు మీలో ఎవరైనా ఉంటే అసరు తరువాత మా గదికి రండి. ఈసారి మేము తొందరపడము.

యా అల్లాహ్! మాలోని రోగులకు నీ వద్ద నుండి స్వస్థతను ప్రసాదించు. మా ఇళ్ళలోకి వచ్చే ఆహారాన్ని పరిశుద్ధం చేయి. గాడిదను పోగొట్టుకొన్న పేదవానికి దానిని తిరిగి చేర్చు, లేదా అంతకన్నా మేలైన జీవనోపాధిని చూపించు. ఆమీన్.