నడుము కీళ్ళలో పుట్టుకతో వచ్చే తేడాలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఉర్దూ మీడియం పంతులును. అయినా నడుము సంగతి మాట్లాడమన్నారు. అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోతూ నిమ్స్ గేటు రోజూ చూస్తాం గదా. అది 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రిగా, అంటే ఎముకల దవాఖానాగానే మొదలైంది. ఏడవ నిజాం ట్రస్టు సొమ్ముతో నడిచింది.

"రీఢ్ కీ హడ్డీ" అని మనం ఒకే ఎముకలాగా అంటాం. నిజానికది పూసల వరుస. నడుములో అయిదు పూసలు, వాటి కింద మరో అయిదు కలిసిపోయి త్రికాస్థి. రెండేసి పూసల నడుమ ముందువైపు మెత్తని బిళ్ళ, వెనక కుడి ఎడమల రెండు చిన్న కీళ్ళు ఉంటాయి. ఎంత వంగాలో, ఎంత తిరగాలో చూసుకునేవి ఆ కీళ్ళే.

బహు అరుదుగా కొందరికి ఈ జంటలో ఒక కీలు తల్లి కడుపులో తయారే కాదు. అప్పుడు రెండోవైపు కీలు ఆ బరువు కూడా మోసి లావెక్కుతుంది. పెద్దయ్యేదాకా ఏమీ తెలియకపోవచ్చు. ఏదో నొప్పికి ఎక్స్‌రే తీస్తే బయటపడుతుంది, సి.టి. స్కాన్‌లో ఇంకా స్పష్టంగా కనబడుతుంది.

అంత అరుదు కానిది ఇంకొకటుంది. చివరి పూస రెక్క పెరిగి త్రికాస్థికి ఆనుకోవడమో, అతుక్కోవడమో జరుగుతుంది. ఇటలీ డాక్టరు బెర్టొలోటి 1917లో దీన్ని నడుమునొప్పితో ముడిపెట్టి చెప్పారు. ఉన్నవాళ్ళందరికీ నొప్పి రాదు సుమా!

ఇక మన ఇళ్ళ సంగతి. ఆడపిల్ల ఎక్స్‌రేలో ఇలాంటిది కనబడితే, సంబంధాలు చెడతాయని ఫిల్మును బీరువా అడుగున దాచేస్తారు. ఇదెక్కడి న్యాయమండీ? ఒక చిన్న కీలు లేనంత మాత్రాన పెళ్ళికి వచ్చిన అడ్డేమిటి? పైగా కాన్పప్పుడు నడుములో మత్తుసూది వేయవలసి వస్తే డాక్టరు చూడవలసింది ఆ ఫిల్మునే.

పహిల్వాన్ల దగ్గర నడుము విరిపించుకోవడం కూడా మానాలి. కాళ్ళలో బలం తగ్గినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా, మూత్రం పట్టు తప్పినా ఆ పూటే దవాఖానాకు పోవాలి.

పసిబిడ్డ నడుము కింద వెంట్రుకల కుచ్చో, లోతైన గుంటో ఉంటే లోపల వెన్ను సరిగా మూసుకోలేదేమో డాక్టరుకు చూపించండి. అలాంటి లోపాలు తగ్గడానికి గర్భం రాకముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ మేలు చేస్తుందంటారు. తల్లికి షుగరుంటే ముందే అదుపు చేసుకోవాలి. త్రికాస్థి ఏర్పడకపోవడానికి దానితో సంబంధం ఉంది.

పాత ఫిల్ములు పారేయకండి. కొత్త నొప్పి వస్తే డాక్టరు రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తారు.