దానం పుచ్చుకొనే చేయి
(దాతల సభలో చేసిన ప్రసంగ పాఠం)



దాతల సభలో దాతను స్తుతించడం పరిపాటి. నేను నేడు ప్రతిగ్రహీతను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. దానమంటే తన స్వత్వాన్ని విడిచి మరొకరికి స్వత్వాన్ని కలిగించడమని మన ధర్మశాస్త్రకారులు నిర్ణయించారు. రెండవ భాగం కుదరనప్పుడు మొదటిది ఎంత ఉదారమైనా దానం సిద్ధించదు. ఈ సూక్ష్మం గత శతాబ్దానికి ముందటి శతాబ్దంలో ఇంగ్లాండులో కొందరికి అనుభవపూర్వకంగా తెలిసివచ్చింది. దాని ఫలమే నేషనల్ ట్రస్ట్. చారిత్రక గృహాలను, రమణీయ స్థలాలను కాపాడడం దాని పని. అది లాభం కోసం పుట్టినదీ కాదు, ప్రభుత్వ శాఖా కాదు.

లండను నగరంలో డెట్‌ఫర్డ్ అనే చోట సేయ్స్ కోర్ట్ అనే తోట ఉండేది. పదిహేడవ శతాబ్దంలో జాన్ ఈవ్లిన్ అనే రచయిత పెంచిన తోట అది. 1884లో ఆయన వంశీయుడు దానిని ప్రజలకు ఇచ్చివేయ సంకల్పించి, ఆక్టేవియా హిల్ అనే మహిళను సంప్రదించాడు. లండను పేదలకు యోగ్యమైన ఇండ్లు సమకూర్చడమే వ్రతంగా పెట్టుకొన్న సాధ్వి ఆమె. ఇచ్చేవాడు సిద్ధంగా ఉన్నాడు, ఇవ్వదగిన వస్తువు ఉన్నది, పుచ్చుకొనేవారే లేరు! బహిరంగ స్థలాల రక్షణకు సంఘాలు లేకపోలేదు గాని, భూమిని తమ పేర నిలుపుకొనే అధికారం వాటికి చట్టరీత్యా లేదు. ఎవరో ఒక సజ్జనుని పేర వ్రాద్దామా అంటే, ఆయన గతించిన మరునాడు వారసులు ఏమి చేస్తారో ఎవరు చెప్పగలరు?

రాబర్ట్ హంటర్ అనే న్యాయవేత్త దీనికి ఉపాయం చెప్పాడు. మరణం లేని యజమానిని చట్టం ద్వారా కల్పించాలన్నాడు. ‘కంపెనీ’ అనే మాటలో వ్యాపారవాసన ఉన్నదని, ‘ట్రస్టు’ అంటే మేలని హిల్ అభిప్రాయం. ఆమె సూచించిన పేరు ‘కామన్స్ అండ్ గార్డెన్స్ ట్రస్ట్’. హంటర్ ఆ లేఖ మీదనే పెన్సిలుతో ‘నేషనల్ ట్రస్ట్’ అని వ్రాశాడు. అంత సులభంగా కుదిరిన పేరుకు సంస్థ రూపం రావడానికి మాత్రం పదేళ్ళు పట్టింది. హార్డ్‌విక్ రాన్స్‌లీ అనే క్రైస్తవ మతాచార్యుడు కూడా కలసిరాగా 1895 జనవరి 12న అది నమోదైంది. ఈలోగా సేయ్స్ కోర్ట్ తోటలో అధికభాగం చేజారిపోయింది.

ఆ సంవత్సరమే ఫానీ టాల్బట్ అనే ఆమె వేల్సు దేశంలో సముద్రానికి ఎదురుగా ఉన్న కొండవాలును, సుమారు 5 ఎకరాలను, దానం చేసింది. అది తొలి ఆస్తి. మరుసటి ఏడు, 1896లో, ససెక్స్ ప్రాంతపు ఆల్ఫ్రిస్టన్ గ్రామంలో పదునాలుగవ శతాబ్దపు ఇల్లొకటి 10 పౌండ్లకు కొన్నారు. కొయ్య చట్రం, గడ్డికప్పు, శిథిలావస్థ. చర్చివారే దానిని పడగొట్టించదలచగా, ఆ ఊరి మతాచార్యుడు కాపాడమని ఎందరినో ప్రాధేయపడ్డాడు. ఇల్లు వచ్చింది 10 పౌండ్లకు. నిలబెట్టడానికి అయిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు. ఆ ఇంటి నేలను సుద్ద దంచి, పులిసిన పాలతో గట్టిపరచినారు. మన గచ్చులో బెల్లపునీరు, కరక్కాయ రసం కలిపిన మేస్త్రీలకు ఈ సంగతి వింతగా తోచదు. పాతదాన్ని చెరిపి కొత్త సొగసు తెచ్చిపెట్టడం కాదు, ఉన్నదాన్ని ఉన్నట్లు నిలపడమే బాగుచేయడమని వాదించే సంఘం ఒకటి ఆ దేశంలో 1877 నుంచే ఉన్నది. విలియం మారిస్ దానికి మూలపురుషుడు. నేషనల్ ట్రస్ట్ ఆ వాదాన్ని ఆదరించింది. ఇది నాకెంతో నచ్చిన అంశం. పాత రాతిస్తంభాలకు నిగనిగలాడే రంగులు పూయించి జీర్ణోద్ధరణ అనుకొనే ఉత్సాహం మనలోనూ తక్కువ కాదు.

1907లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, ఈ సంస్థ తన ఆస్తులను అన్యాక్రాంతం కానివిగా ప్రకటించుకొనే అధికారం ఇచ్చింది. అలా ప్రకటించిన దానిని సంస్థ తానుగా అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. అనగా పుచ్చుకొన్న చేతికే చట్టం సంకెల వేసింది. ఆ సంకెలను కోరి వేయించుకొన్నది ఆ చేయే! దాతలకు విశ్వాసం కుదిరింది ఇక్కడనే అని నేననుకొంటాను.

ధనం శ్రీమంతుల నుంచే రాలేదు. 1902లో సరస్సు ఒడ్డున ఉన్న బ్రాండెల్‌హౌ అనే వనాన్ని కొనడానికి చందాలు పోగుచేసినప్పుడు కర్మాగారాల కూలీలు సైతం చిన్నచిన్న మొత్తాలు పంపారు. అయినా వృద్ధి మెల్లగానే సాగింది. 1945లో సభ్యులు 8,000 కూడా లేరు. 1981 నాటికి 10 లక్షలయ్యారు. 2017లో 50 లక్షలు.

నడుమ ఒక చిక్కు వచ్చిపడింది. మరణానంతర పన్నుల భారం మోయలేక జమీందారీ కుటుంబాలు తమ భవనాలను ఇవ్వజూపసాగాయి. 1937 చట్టం అందుకు దారి సుగమం చేసింది. ఇచ్చిన కుటుంబం ఆ ఇంటనే నివసించవచ్చు, ప్రజలకు దర్శనావకాశం కల్పించాలి. ధనికుల మేడలకు సామాన్యుల చందా ఎందుకని అక్కడివారే ప్రశ్నించారు. ఆ ప్రశ్న అన్యాయమైనది కాదు. కాని నా దృష్టిని ఆకర్షించినది మరొక నియమం. భవనంతోపాటు దాని పోషణకు చాలినంత మూలధనమో, ఆదాయమిచ్చే భూమో ఇవ్వాలి. వంద గదుల మేడను వట్టి చేతులతో ఇస్తే అది దానం కాదు, భారం. దీపానికి మాన్యం వ్రాసినప్పుడు మన పూర్వులు గొఱ్ఱెలను కూడా ఇచ్చి, వాటి నేతితో ఆ దీపం వెలగాలని శాసనాల్లో చెక్కించారు కదా! ఆలోచన అదే.

గొఱ్ఱెలంటే గుర్తుకు వచ్చింది. పిల్లల కథల రచయిత్రి బీట్రిక్స్ పాటర్ 1943లో గతించినప్పుడు 4,000 ఎకరాలకు పైగా భూమిని, 14 వ్యవసాయ క్షేత్రాలను ఈ సంస్థకు వ్రాసియిచ్చింది. అక్కడి కొండజాతి హెర్డ్‌విక్ గొఱ్ఱెల మందలను ఆ క్షేత్రాలలో కొనసాగించాలన్నది ఆమె కోరిక. ఆ మందలు నేటికీ ఆ కొండల మీద మేస్తున్నాయి.

ఇక్కడ కూర్చున్నవారిలో దానపత్రాలు వ్రాయదలచినవారు కొందరున్నారని విన్నాను. కొత్త మండపానికి, శిలాఫలకం మీది పేరుకు దాతలు త్వరగా దొరుకుతారు. కారే కప్పుకు దొరకరు. పత్రం వ్రాసే ముందు మూడు సంగతులు అడిగి తెలుసుకోండి: ఎవరి పేర ఉంటుంది, అమ్మే అధికారం ఎవరికైనా ఉన్నదా, ఏటేటా మరమ్మతు ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది. అడిగితే ధర్మకర్తలు నొచ్చుకొంటారేమోనన్న శంక వద్దు. ఆ మూడింటికీ సమాధానం వ్రాతమూలకంగానే పుచ్చుకోండి.