అశోకవనములో పదియవ నెల



నిన్నటి ప్రసంగానంతరము ఒక సోదరీమణి నాకొక చీటి అందించినది. 6 సంవత్సరముల క్రిందట ఆమెకు రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగినది. ఇప్పుడు వ్యాధి మరల తలయెత్తినది. గడ్డనుండి ముక్క తీసి పరీక్షకు పంపినారు. ఫలితము వచ్చుటకు ఇంకను 10 దినములు పట్టునట. "గురువుగారూ, చికిత్సకంటె ఈ ఎదురుచూపే భరింపరాకున్నది. ఇంతగా భయపడుచున్నానే, నా భక్తిలో లోపమున్నదా?" అని ఆమె ప్రశ్న.

సుందరకాండమును చూడుడు. రావణుడు విధించిన గడువు 12 నెలలు. హనుమంతుడు లంకకు చేరునప్పటికి పదియవ నెల నడచుచున్నది. తానున్న చోటు శ్రీరామునకు తెలిసినదో లేదో సీతమ్మ ఎరుగదు. ఆ తల్లి కన్నీరు కార్చినది, వణకినది, తన జడతోనే ఉరి పోసికొందునా అని కూడ తలపోసినది. (అట్టి తలంపు కలిగినవారు దానిని లోలోన దాచుకొనక వెంటనే అయినవారికిని, వైద్యునికిని చెప్పవలెను.) వాల్మీకి మహర్షి ఇందులో ఒక్కటియు మరుగుపరచలేదు. అంతమాత్రమున సీతమ్మ భక్తిని శంకించినవారెవరు?

ఈ జాప్యము వట్టి జాప్యమని తలపవలదు. తిరిగి వచ్చిన గడ్డ మొదటిదానివంటిదే కానక్కరలేదు. హార్మోనులకు స్పందించు గుణము, హెర్-2 అను ప్రోటీను పాలు మారియుండవచ్చును. వానినిబట్టి మందు మారును. వ్యాధి ఎంతవరకు ప్రాకినదో స్కానింగులో చూడవలసియుండును. అయితే ఈ లోపల ఊపిరి అందకున్నను, కాళ్ళలో పట్టు తప్పినను ఫలితము కొరకు ఆగరాదు. తత్‌క్షణమే ఆసుపత్రికి పోవలెను.

చరకసంహిత సూత్రస్థానములో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికుండవలసిన గుణములలో అభీరుత్వము ఒకటి, జ్ఞాపకత్వము మరియొకటి. మనవారు మొదటిదానిని పట్టుకొని "ధైర్యముగా ఉండుము" అని రోగిని గద్దించుచుందురు. రెండవదానిని తలచువారే అరుదు. జ్ఞాపకత్వమనగా తన బాధను వైద్యునకు తెలియజెప్పగలుగుట. క్రొత్త నొప్పి ఎచ్చట, ఎన్నడు మొదలైనదో, అడుగవలసిన సందేహములేవో ఒక పుస్తకములో వ్రాసికొనుట ఈ దినములలో చేయదగిన పని. పారాయణము సరే, 68 సర్గలను గడువులోపల ముగించితీరవలెనను నియమము మాత్రము వలదు. ఓపిక లేనినాడు ఇంటివారు చదువగా వినిన చాలును.

ఆకుపసరుతో నయము చేయుదుమని ఇంటికి వచ్చువారును కలరు. రామదూతనన్న హనుమంతునే సీతమ్మ వెంటనే నమ్మలేదు. రావణుని మాయయేమోనని శంకించి, శ్రీరాముని లక్షణములు చెప్పించుకొన్న పిమ్మటనే నమ్మినది. ఆ పరీక్ష ఈ పసరువైద్యులకును పెట్టవలదా? వైద్యుని అడుగకుండ ఏదియు మ్రింగరాదు.

ఇక పరిచారకుల సంగతి. రాక్షసస్త్రీలు సీతమ్మను చుట్టుముట్టి బెదరించుచుండగా త్రిజట నిద్ర మేల్కొన్నది. ఏడువవద్దని ఆమె సీతమ్మను మందలింపలేదు. బెదరించువారినే వారించినది. పరామర్శకు వచ్చి ఎవరెవరు ఎట్లు పోయినారో వర్ణించు బంధువులు, ఏ జన్మపాపమోయని నిట్టూర్చు పెద్దలు మన ఇండ్లకును వత్తురు. దినమునకు పదిమారులు "రిపోర్టు వచ్చినదా?" అని అడుగువారు సరేసరి. వీరిని వీధి అరుగుమీదనే కూర్చుండబెట్టి మాటలాడి పంపగల త్రిజట ప్రతి ఇంటను ఒకతె ఉండవలెను. ఆ త్రిజట కనిన స్వప్నమును రేపటి సాయంకాలము విపులముగా చెప్పుకొందము.