శక్తి రంగ కార్మికులకు అధికారిక గౌరవం: ఎవరి పేరు ఏ పట్టికలో?

(బిలాస్‌పూర్‌లో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేటి సభకు నిర్ణయించిన విషయం, శక్తి రంగ కార్మికులకు ప్రభుత్వపరంగా జరుగవలసిన గౌరవం. బొగ్గు తవ్వేవారు, విద్యుత్తును ఉత్పత్తి చేసేవారు, దానిని తీగల వెంట మన ఇళ్లకు చేర్చేవారు, వీరందరినీ జాతి ఏ విధంగా గుర్తించాలి, ఇప్పుడు ఏ విధంగా గుర్తిస్తున్నది అన్నదే ప్రశ్న. రైల్వే వారికి, తపాలా వారికి దీనితో ఏమి పని అని కొందరు మిత్రులు అడుగవచ్చు. బిలాస్‌పూర్‌లో ఈ సందేహానికి సమాధానం స్టేషను యార్డులోనే దొరుకుతుంది.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాగపూర్ నుండి తూర్పుగా వేసిన ప్రధాన మార్గంపై బిలాస్‌పూర్ జంక్షను అయినది. ఇక్కడ చీలిన శాఖ ఉమరియా బొగ్గు గనుల మీదుగా కట్నీకి చేరింది. అనగా ఈ రైల్వే పట్టణం పుట్టుకలోనే బొగ్గు ఉన్నది. ఆ రైల్వే వాల్తేరు దాకా విస్తరించిన పిమ్మట శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుండి మన వారెందరో ఖరగ్‌పూర్, బిలాస్‌పూర్ వంటి పట్టణాలకు ఉద్యోగాలకై వచ్చారు. నేడు ఈ సభలో ఉన్నవారిలో అనేకులు వారి మనుమలు, మునిమనుమలు.

1985లో సౌత్ ఈస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ సంస్థ ఏర్పడి, ఈ పట్టణమే దానికి కేంద్రమైనది. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోను ఏర్పడినప్పుడు దానికి కూడా ఈ పట్టణమే కేంద్రమైనది. ఇక్కడికి సమీపంలోని కోర్బా ప్రాంతంలో ఉన్న గేవ్రా గని ఒక్కటే 2023–24లో సుమారు 5.9 కోట్ల టన్నుల బొగ్గు ఇచ్చింది. కోర్బాలో ఎన్.టి.పి.సి. వారి కేంద్రం ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్ల సామర్థ్యం కలిగి ఉన్నది. తెలంగాణలోని రామగుండంలో అదే సంస్థ 1983 నుండి దశలవారీగా నెలకొల్పిన ఏడు యూనిట్ల సామర్థ్యం కూడా సరిగా అంతే. కోర్బాకు ఛత్తీస్‌గఢ్ బొగ్గు, రామగుండానికి సింగరేణి బొగ్గు. మాట్లాడే భాషలు వేరు గాని, చేసే పని ఒక్కటే.

ఇక శక్తి రంగ కార్మికుడు ఎవరు? గనిలోని మనిషితో ఈ జాబితా ముగియదు. ఒక గూడ్సు రేకు సుమారు 4,000 టన్నుల బొగ్గును మోస్తుంది. 500 మెగావాట్ల యూనిట్ ఒకటి పూర్తి సామర్థ్యంతో నడిస్తే, ఒక రోజుకు అటువంటి రేకు ఒకటిన్నర, రెండు కావలసి ఉంటుంది. ఆ రేకును నడిపే లోకో పైలట్, వెనుక ఉండే గార్డు (ఇప్పుడు ట్రైన్ మేనేజర్ అంటున్నారు), పట్టాలను కాపాడే గ్యాంగ్‌మన్, యార్డులో రాత్రంతా నిలబడే పాయింట్స్‌మన్, సిగ్నల్ సిబ్బంది, వీరిలో ఎవరు తప్పుకున్నా టర్బైను తిరుగదు. 2022 ఏప్రిల్‌లో విద్యుత్ కేంద్రాల వద్ద బొగ్గు నిల్వలు పడిపోయినప్పుడు, ప్రయాణికుల బండ్లను పెద్ద సంఖ్యలో రద్దు చేసి బొగ్గు రేకులకు దారి ఇచ్చారు. ఆ దినాలలో ఈ జోను సిబ్బంది మోసిన భారం మీకు నేను చెప్పనవసరం లేదు.

మరొక ఉదాహరణ. 2020 ఏప్రిల్ 5న రాత్రి 9 గంటలకు దేశమంతటా తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పారు. ఆ కొద్ది నిమిషాలలో విద్యుత్ గిరాకీ సుమారు 31,000 మెగావాట్లు పడిపోయి, వెంటనే మరల పైకి లేచింది. జలవిద్యుత్ కేంద్రాలలోను, లోడ్ డిస్పాచ్ కేంద్రాలలోను కూర్చున్నవారు ఉత్పత్తిని క్షణక్షణం తగ్గిస్తూ, పెంచుతూ గ్రిడ్ కూలిపోకుండా కాపాడారు. దీపాలు వెలిగించినవారి చిత్రాలు పత్రికలలో వచ్చినవి. గ్రిడ్‌ను కాపాడినవారి ముఖాలు మనలో ఎందరికి తెలుసు? 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం ప్రాంతాన్ని నేలమట్టం చేసినప్పుడు, ఇతర జిల్లాల నుండి వచ్చిన లైన్‌మన్‌లు కూలిన స్తంభాలను మరల నిలబెట్టారు. మన స్వగ్రామాలలో దీపం తిరిగి వెలిగించిన ఆ చేతుల పేర్లు కూడా మనకు తెలియవు.

అయితే ప్రభుత్వం వీరిని అసలే గౌరవించడం లేదని అనడం న్యాయం కాదు. 1985లో నెలకొల్పిన ప్రధానమంత్రి శ్రమ పురస్కారాలు ఉన్నవి. గనులకు జాతీయ భద్రతా పురస్కారాలు ఉన్నవి. 2021 నుండి మార్చి 4న లైన్‌మన్ దినోత్సవం జరుపుతున్నారు. 1920 డిసెంబరు 23న కంపెనీగా రూపొందిన సింగరేణి, ఏటా అదే తేదీన సింగరేణి దినోత్సవం జరిపి ఉత్తమ కార్మికులను సన్మానిస్తున్నది. మనకు రైల్వే వారోత్సవాలు, తపాలా ఉద్యోగులకు 1984 నుండి మేఘదూత్ పురస్కారం ఉన్నట్లే, వారికి ఇవి ఉన్నవి.

ఇతర దేశాలలోను ఈ ఆచారం ఉన్నది. సోవియట్ యూనియన్ 1947లో గని కార్మికుల దినాన్ని, 1966లో విద్యుత్ కార్మికుల దినాన్ని ప్రకటించింది. అమెరికాలో డిసెంబరు 6 గని కార్మికుల దినం. 1907లో అదే తేదీన మొనొంగా గనిలో జరిగిన పేలుడులో అధికారిక లెక్క ప్రకారం 362 మంది మరణించారు. ఆ తేదీని కాంగ్రెసు గుర్తించింది 2009లో, అనగా నూట రెండేళ్ల తరువాత! అక్కడి విద్యుత్ కార్మిక సంఘానికి 1891లో తొలి అధ్యక్షుడైన హెన్రీ మిల్లర్ కూడా లైన్‌మనే. 1896 జూలైలో విధి నిర్వహణలో విద్యుద్ఘాతానికి గురై మరణించాడు. ఈ గౌరవ దినాల వెనుక ఎంత ప్రాణనష్టం ఉన్నదో గమనించండి. మన దేశంలో 1975 డిసెంబరు 27న చాస్‌నాలా గనిలోకి నీరు దూసుకువచ్చి 370 మందికి పైగా బలి అయినారు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. సన్మానానికి పేర్లు ఎక్కడి నుండి తీస్తారు? మస్టరు నుండి. మస్టరులో పేరు లేనివానికి పురస్కారం లేదు. నేడు ఓపెన్‌కాస్టు గనులలో బొగ్గుపై ఉన్న మట్టిని, బండను తొలగించే పనిలో అత్యధిక భాగం కాంట్రాక్టర్ల చేతిలో ఉన్నది. విద్యుత్ పంపిణీలోను స్తంభమెక్కే వారిలో ఎందరో కాంట్రాక్టు కార్మికులు. వారి పేరు కాంట్రాక్టరు పుస్తకంలో ఉండవచ్చు, సంస్థ పట్టికలో ఉండదు. ప్రమాదం మాత్రం ఎవరి పుస్తకమూ చూడదు.

సింగరేణిని చూడండి. 2024 సెప్టెంబరులో లాభాల వాటాను ప్రకటించినప్పుడు పర్మనెంటు కార్మికునికి సగటున 1 లక్షా 90 వేల రూపాయలు వచ్చినవి. అప్పుడే మొట్టమొదటిసారిగా సుమారు 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలకు 5,000 రూపాయలు ఇచ్చారు. ఈ ప్రారంభాన్ని నేను చిన్నచూపు చూడను. అంతవరకు లెక్కలో లేని మనిషి ఆనాడు లెక్కలోకి వచ్చాడు. కాని ఒకే గనిలో, ఒకే దుమ్ము పీల్చిన ఇద్దరి మధ్య ముప్పై ఎనిమిది రెట్ల తేడా ఉన్నదంటే, మనం ఇచ్చే గౌరవానికి కొలబద్ద ఏమిటో ఆలోచించాలి.

తపాలా సోదరులకు ఈ బాధ కొత్త కాదు. ఎక్స్‌ట్రా డిపార్టుమెంటల్ ఏజెంట్లు సివిల్ పోస్టులలో ఉన్నవారేనని సుప్రీం కోర్టు 1977లో తీర్పు చెప్పింది. వారే నేటి గ్రామీణ డాక్ సేవకులు. ఉత్తరాన్ని గడప దాకా చేర్చే ఆ మనిషి శాఖలో ఉన్నట్లా, లేనట్లా అన్న ప్రశ్న ఇంకా నడుస్తూనే ఉన్నది. గడప దగ్గరి మనిషిని శాఖ వెలుపల నిలబెట్టి శాఖకు ఉత్సవం చేయడం ఎంత వెలితియో, స్తంభం మీది మనిషిని పట్టిక వెలుపల ఉంచి లైన్‌మన్ దినం జరపడం అంతే వెలితి.

ఒక ఆక్షేపణ వినబడుతుంది. "జీతం తీసుకొని పని చేసేవారికి ప్రత్యేక సన్మానమెందుకు? డబ్బు పెంచమని అడగండి, శాలువా ఎందుకు?" అని. ఇందులో కొంత నిజం ఉన్నది. బొగ్గు గని నుండి విరమించినవాని పింఛను 1998 నాటి పథకం ప్రకారం కరువుభత్యంతో ముడిపడలేదు. ధరలు పెరుగుతున్నా అతని పింఛను పెరుగదు. అతనికి ఒక శాలువా కప్పితే చలి ఎంతకాలం ఆగుతుంది? కాని గౌరవం వద్దనడం దీనికి విరుగుడు కాదు. పేరు చెప్పి పిలిచిన మనిషి హక్కును కాదనడం కష్టం. పేరే లేనివాని హక్కును తొక్కివేయడం సులభం. కనుకనే గౌరవాన్ని హక్కుకు తొలిమెట్టుగా మనం అడగాలి.

సోదరులారా, 2025 నవంబరు 4న గేవ్రా రోడ్ నుండి బిలాస్‌పూర్ వస్తున్న మెము బండి, ఈ స్టేషనుకు సమీపంలోనే గూడ్సు బండిని ఢీకొన్నది. పదిమందికి పైగా ప్రాణాలు పోయినవి. బండిని నడిపిన లోకో పైలట్ కూడా వారిలో ఉన్నారు. ఆ ప్రమాద కారణాలపై ఈ వేదిక మీద తీర్పు చెప్పడం నా పని కాదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. బొగ్గు దారిలో బ్రతుకుతున్న మనకు భద్రతను మించిన సన్మానం లేదు. సరిపడిన విశ్రాంతి, సరిపడిన సిబ్బంది, పనిచేసే పరికరాలు, ఇవి లేని చోట పతకం ఓదార్పు మాత్రమే అవుతుంది.

కనుక నాలుగు కోరికలను మీ ముందుంచుతున్నాను. మొదటిది, గనిలో, విద్యుత్ కేంద్రంలో, పంపిణీలో జరిగే ప్రతి అధికారిక సన్మానానికి కాంట్రాక్టు కార్మికుల పేర్లను కూడా పరిశీలించాలి. ఎంపిక సంఘంలో కార్మిక సంఘాలకు స్థానం ఉండాలి. రెండవది, విధి నిర్వహణలో మరణించిన ప్రతి కార్మికుని పేరును, పర్మనెంటు, కాంట్రాక్టు అన్న తేడా లేకుండా, పని చేసిన చోటనే శిలాఫలకంపై చెక్కించాలి. మూడవది, బొగ్గు మోసే రైల్వే సిబ్బందిని శక్తి రంగ సేవలో భాగస్వాములుగా గుర్తించాలి. నాలుగవది, గౌరవ దినం నాడే ఆ సంవత్సరపు ప్రమాదాల లెక్కను, బాధిత కుటుంబాలకు చెల్లించిన పరిహారాల లెక్కను కార్మికుల ముందు చదివి వినిపించాలి.

ఈ నాలుగవ కోరిక కొందరికి చేదుగా తోచవచ్చు. పండుగ నాడు చావు లెక్కలా అనవచ్చు. కాని లెక్క చెప్పగలిగిన యజమాని చేసే సన్మానాన్నే కార్మికుడు తలెత్తుకొని స్వీకరించగలడు.

చివరగా ఒక విజ్ఞప్తి. ఈ కోరికలు ఢిల్లీకి చేరేలోగా మన చేతిలో ఉన్న పని ఒకటి ఉన్నది. ప్రతి శాఖా సంఘం తన పరిధిలోని సైడింగులలో, యార్డులలో, సబ్ పోస్టాఫీసులలో, బ్రాంచి పోస్టాఫీసులలో పనిచేసే కాంట్రాక్టు కార్మికుల, డాక్ సేవకుల పేర్లతో ఒక పట్టిక తయారు చేయాలి. ప్రభుత్వ పట్టికలో వారి పేరు ఎప్పుడు చేరుతుందో గాని, సంఘం పట్టికలో చేర్చడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. వచ్చే సర్వసభ్య సమావేశానికి ఆ పట్టికలతో రావలసినదిగా మిమ్మల్నందరినీ కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!