ఇనుము పోయిన వంతెన, ఇంకా నిలబడ్డ వంతెన

నరసరావుపేటలో నంద్యాల వైపు రైలెక్కి, గిద్దలూరు దాటి నల్లమల అడవిలోకి వెళ్తే బండి ఒక సొరంగంలోకి దూరుతుంది. అందరూ ఫోన్‌లోంచి తలెత్తి కిటికీ వైపు చూస్తారు. కానీ అసలు కథ ఆ సొరంగం బయట ఉంది.

అక్కడ లోయ మీద దొరబావి వంతెన ఉండేది. 1880లలో కట్టారు. ఎందుకు కట్టారో తెలుసా? 1876–78లో ధాత కరువొచ్చి లక్షల మంది చచ్చిపోయారు. మళ్లీ కరువొస్తే బళ్లారి, కర్నూలు వైపుకి తిండిగింజలు చేరాలని ఈ మీటర్ గేజ్ లైను వేశారు. అంటే మన ఊరి మీదుగా పోయే ఈ లైను పుట్టిందే జనం ఆకలి కోసం!

1990లలో బ్రాడ్ గేజ్ వచ్చింది. పట్టాల మధ్య దూరం 1 మీటరు నుంచి 1.676 మీటర్లకి పెరిగింది, బళ్లు బరువెక్కాయి. దారి మార్చి కొత్త సొరంగం తవ్వారు. పాత వంతెనకి పని లేకుండా పోయింది. ఇనుము విప్పేశారు. ఇప్పుడు అడవిలో మిగిలింది ఎత్తైన స్తంభాలే.

ఇప్పుడు రాజమండ్రి వెళ్దాం. గోదావరి మీద హేవలాక్ వంతెన. అది లేనప్పుడు మద్రాసు నుంచి కలకత్తా పోయేవాళ్లు ఇక్కడ రైలు దిగి, నది దాటి, అవతల ఇంకో రైలెక్కాల్సిందే. 1897లో పని మొదలై 1900లో రైలు నడిచింది. ఇంజనీరు వాల్టన్. అంతకుముందు కాశీలో గంగ మీద వంతెన కట్టింది కూడా ఆయనే. 56 ఖానాలు, ఒక్కోటి 45.7 మీటర్లు. లెక్కేయండి, రెండున్నర కిలోమీటర్ల పైనే! 1997లో పక్కన కొత్త ఆర్చి వంతెన వచ్చాక దీన్ని ఆపేశారు.

కానీ ఇది ఇంకా నిలబడే ఉంది. దీన్ని పర్యాటక స్థలంగా మార్చడానికి 2025 జూన్‌లో అఖండ గోదావరి ప్రాజెక్టుకి శంకుస్థాపన కూడా అయింది.

రెండూ విక్టోరియా రాణి కాలంలోవే. రెండిటికీ కొత్త దారి రాగానే పని పోయింది. తేడా ఎక్కడంటే, ఒకటి మనుషులు తిరగని అడవిలో ఉంది, ఇంకోటి రోజూ వేల మంది కళ్ల ముందుంది. ఎవరూ చూడనిది తుక్కు కింద లెక్క, అందరూ చూసేది వారసత్వం. బాధ ఏంటంటే, దొరబావిని అడిగేవాళ్లు లేరు.

అందుకే ఒక చిన్న పని. మీ ఊళ్లో మూతబడ్డ స్టేషనో, పాత వంతెనో ఉంటే ఒక ఫొటో తీయండి, పెద్దవాళ్లని అడిగి దాని కథ రాసి పెట్టండి. పట్టాల మీదికి, స్తంభాల మీదికి మాత్రం ఎక్కకండి, రీల్ కన్నా ప్రాణం ముఖ్యం. ఆ కథ కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటా మరి!