ఇల్లు కురుస్తోందా? అతుకు వేద్దామా, కప్పు మారుద్దామా?



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇల్లు కురవడం మొదలుపెడితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు! అది మనమే తేల్చుకోవాలి. మగవాళ్ళు పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తారు. ఏ మూల చెమ్మ పట్టింది, ఏ గదిలో సున్నం పెచ్చులు రాలుతోంది, నిరుటి మరక ఈ ఏడు ఎంత పాకింది అన్నవి మన కళ్ళకే ముందు కనబడతాయి. అందుచేత ఈ విషయంలో మన మాటకు బరువుండాలి. ఉండాలంటే కొంచెం తెలుసుకుని మాట్లాడాలి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు వాళ్ళకు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలు మరపు రావు. కోదాడ వీధులు ఏరులయ్యాయి. నడిగూడెం మండలం రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. ఆ వాన మన ఇళ్ళ కప్పులకు కూడా పరీక్ష పెట్టింది. ఎన్నాళ్ళుగానో వాయిదా వేసిన అతుకులన్నీ ఒక్క రాత్రిలో బయటపడ్డాయి. ఆ తరువాత చాలా ఇళ్ళలో వినిపించిన ప్రశ్న ఒకటే: బాగుచేయించుకుంటే సరిపోతుందా, కప్పే మార్చాలా?

దీనికి జవాబు అందరికీ ఒకటే ఉండదు. మూడు ఊళ్ళలో మూడు ఇళ్ళున్నాయని అనుకుందాం.

మొదటిది సూర్యాపేటలో పాత పెంకుటిల్లు. మట్టితో కట్టిన రాతిగోడలు, టేకు దూలాలు, పైన బెంగుళూరు పెంకులు. నాలుగు చోట్ల కురుస్తోంది. "ఇవన్నీ తీసేసి స్లాబు పోయిద్దాం, పీడా పోతుంది" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆగండి. పెంకు పగిలితే పెంకు మార్చవచ్చు, జారితే సర్దవచ్చు. ఇది ఏటా వానలకు ముందు చేసే పనే. చూడవలసింది కర్రను. ఒక స్క్రూడ్రైవరు తీసుకుని దూలం గోడలో దిగే చోట, వాసాల చివర్ల గుచ్చి చూడండి. గట్టిగా తగిలితే కర్ర బాగున్నట్టే. మెత్తగా దిగబడినా, పిండి రాలినా చెదలో, కుళ్ళో పట్టినట్టు. ఒకటి రెండు వాసాలయితే అవే మార్చుకోవచ్చు. దూలమే పోతే కప్పంతా విప్పక తప్పదు.

విప్పిన తరువాత స్లాబు పోయవచ్చునా? లెక్క చూడండి. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు ఉన్న గదికి అయిదంగుళాల స్లాబు పోస్తే దాని బరువు దాదాపు మూడు టన్నులు. పెంకుల కప్పు బరువు అందులో చిన్న భాగమే. మట్టితో కట్టిన పాత గోడలు అంత బరువు మోస్తాయని ఎవరూ మాట ఇవ్వలేరు. అప్పుడు స్తంభాలు లేపాలి, వాటికి పునాది తియ్యాలి. కప్పు ఖర్చు అనుకున్నది ఇల్లు ఖర్చు అవుతుంది! గోడలు బలహీనంగా ఉంటే కొత్త కర్రతోనో, ఇనుప గొట్టాలతోనో తేలికైన కప్పు వేసుకోవడమే తెలివి. మట్టి మిద్దెలకూ ఇదే మాట. కురిసినప్పుడల్లా పైన ఇంత మట్టి పోసుకుంటూ పోతే, నీళ్ళు ఆగకపోగా దంతెల మీద బరువు ఏటా పెరుగుతుంది.

రెండో ఇల్లు కోదాడలో ముప్ఫయి ఏళ్ళ డాబా. సీలింగు మీద మరకలున్నాయి. ఇక్కడ ముందు మరకల భాష నేర్చుకోవాలి. వాన పడ్డ మరునాడు కనిపించి, ఎండ కాయగానే ఆరిపోయేది పైనుంచి వచ్చే వాననీరు. ఎండాకాలంలోనూ తడిగా ఉండేది ట్యాంకుదో, పైఅంతస్తు స్నానాలగదిదో, పైపుదో అయి ఉంటుంది. దానికి స్లాబుతో పనిలేదు, ప్లంబరు చాలు. తెల్లటి ఉప్పులాంటి పొడి కనిపిస్తే కాంక్రీటులోంచి నీరు ప్రయాణం చేస్తోందన్నమాట. ఇటుకరంగు మరక, దాని వెంట తిన్నని పగులు కనిపిస్తే మాత్రం అశ్రద్ధ చెయ్యవద్దు. లోపల సలాకలు తుప్పు పడుతున్నాయి.

తుప్పుకు ఒక గుణముంది. అది అసలు ఇనుము కంటే రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. లోపలి నుంచి ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా తోసేస్తుంది. మన దేశపు ప్రమాణం ఐ.ఎస్. 456 (2000) ప్రకారం మామూలు వాతావరణంలో స్లాబు సలాకల కింద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పి ఉండాలి. అంటే ముప్పాతిక అంగుళం. పోసేటప్పుడు అడుగున బిళ్ళలు పెట్టకుండా సలాకల్ని చెక్క మీదే పడుకోబెట్టిన స్లాబులు త్వరగా తుప్పు పడతాయి.

మేస్త్రీ చేత సీలింగును సుత్తితో తట్టించి చూడండి. ఖంగుమంటే గట్టిదనం. డొల్లగా మోగితే అక్కడ పొర విడిపోయినట్టు. రెండు మూడు చోట్ల మాత్రమే డొల్లగా ఉంటే బాగుచేయించవచ్చు. కాని పైపైన గిలాబు చేసి రంగు వేస్తే అది మరమ్మతు కాదు, ముసుగు. పెళుసుబారిన కాంక్రీటును సలాక వెనకదాకా తొలిచి, తుప్పంతా గీకి, సన్నబడ్డ సలాక పక్కన కొత్తది జోడించి, ఆ తరువాత పాలిమరు కలిపిన సిమెంటుతో నింపాలి. ఆ పని చేసినంతసేపూ కింద ఆధారాలు నిలబెట్టాలి. అలా కాక గది మొత్తం డొల్లగా మోగుతున్నా, సలాకలు పొరలుపొరలుగా ఊడుతున్నా, స్లాబు నడుము వంగినట్టు కనిపిస్తున్నా అతుకుల మాట వదిలిపెట్టండి. ముందు ఆ గది ఖాళీ చెయ్యండి. మంచం, ఉయ్యాల, పిల్లల చదువుబల్ల పక్క గదిలోకి మార్చండి. ఖర్చు సంగతి తరువాత మాట్లాడుకోవచ్చు.

కురుస్తోందని పైన మళ్ళీ రెండంగుళాల కాంక్రీటు పోయించడం మన వైపు అలవాటు. ఆ పది అడుగుల గది మీదే అది ఒక టన్నుకు పైగా అదనపు బరువు! నీరసించిన వాడి నెత్తిన బియ్యం బస్తా పెట్టినట్టు. పైన చెయ్యవలసింది వేరే. పిట్టగోడ స్లాబును కలిసే మూల, పైపు దిగే చోటు, పగుళ్ళలో మొలిచిన రావిమొక్క, మూసుకుపోయిన తూము, ఈ నాలుగూ ముందు చూడండి. నీరు నిలవకుండా పది అడుగులకు ఒకటింపావు అంగుళం వాలు ఉండాలి. స్లాబు గట్టిదని తేలితేనే మడి కట్టి, ఒక రోజంతా నీళ్ళు నిలిపి ఎక్కడ దిగుతోందో పరీక్షించాలి.

ఇక చలువ సున్నం సంగతి. తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో చల్లని కప్పుల విధానం ప్రకటించినప్పటి నుంచి తెల్లరంగుల ప్రచారం పెరిగింది. ఎండలు 45 డిగ్రీలు దాటే మన జిల్లాల్లో అది మంచిదే. తెలుపు ఎండను వెనక్కి కొడుతుంది. కాని అది తుప్పుకు మందు కాదు. వేడికి వేసే రంగు వేరు, నీటికి వేసే పూత వేరు. కొనేటప్పుడు ఏది దేనికో అడిగి తెలుసుకోండి.

మూడోది మిర్యాలగూడలో సిమెంటు రేకుల ఇల్లు. బోల్టు దగ్గర కారుతుంటే కింది వాషరు మార్చితే చాలు. రేకు నెర్రె విచ్చితే ఆ రేకు మార్చండి. వేసవి గాలిదుమారానికి రేకులన్నీ కదిలిపోతుంటే, పెళుసెక్కి అంచులు రాలుతుంటే మొత్తం మార్చడమే నయం. ఒక్క హెచ్చరిక. పాత సిమెంటు రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే క్యాన్సరు వస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాటిని కొయ్యవద్దు, పగలగొట్టవద్దు, పొడి చీపురుతో ఊడ్వవద్దు. నీళ్ళతో తడిపి, నిండు రేకులుగా దించాలి. పిల్లల్ని ఆ ఛాయలకు రానీయకండి. రేకుల మీద నేరుగా అడుగు వేస్తే విరిగి కిందపడతారు. పనివాళ్ళకు పలక వేసి ఇవ్వండి. అది కూడా ఒక ఇంటి బిడ్డే కదా!

డబ్బు మాట ఆఖరున చెప్పుకుందాం. ఒక పాత నోటుపుస్తకంలో, గత అయిదేళ్ళలో కప్పు మీద పెట్టిన ప్రతి రూపాయీ రాయండి. తారు, సిమెంటు, కూలి, పాడయిన బియ్యం, తడిసిన పరుపు, అన్నీ. ఏటా ఒకే చోట ఖర్చవుతుంటే రోగం ఒకచోట, మందు మరోచోట అని గ్రహించండి. రంగులమ్మేవాడు రంగు వెయ్యమంటాడు, స్లాబు పోసేవాడు పడగొట్టమంటాడు. ఏ పనీ ఒప్పుకోని ఇంజనీరుకు ఫీజు ఇచ్చి చూపించుకోండి. ఆ ఫీజు పోతే పోయింది, అమ్మాయి చదువుకు దాచినది నిలబడవచ్చు. లేదా ఆ అమ్మాయి ప్రాణమే నిలబడవచ్చు.

మార్చడమే ఖాయమయితే పురపాలక సంఘం అనుమతి ముందే తీసుకోండి. తొలకరికి ముందు పూర్తయ్యేలా మాఘ, ఫాల్గుణాల్లోనే పని మొదలుపెట్టండి. కొత్త స్లాబుకు పదిరోజులయినా తడి ఆరనీయకూడదు. మన ఎండలకు అంతకన్నా ఎక్కువైనా నష్టం లేదు. తొందరపెట్టి సెంట్రింగు విప్పించకండి.

ఎముక గట్టిగా ఉంటే కట్టు కట్టండి. ఎముకే విరిగితే కట్టుతో కాలక్షేపం చెయ్యకండి. ఈ ఆదివారం ఇంట్లోవాళ్ళతో పాటు మీరూ డాబా ఎక్కి చూడండి. కింద మరక ఎక్కడుందో వాళ్ళకు చూపించవలసింది మీరే.